ప్రభ వెనక నిలబడి

కోటప్పకొండ తిరునాళ్ళలో జనమంతా ప్రభ ముందు నిలబడతారు. నాకు మాత్రం చిన్నప్పటి నుంచీ వెనక్కి వెళ్ళి చూడాలని ఉండేది. ముందు నుంచి చూస్తే ఎనభై తొంభై అడుగుల ఎత్తున దేవుళ్ళ బొమ్మలు, చుట్టూ రంగుల బల్బులు, అంచుల వెంట పైపైకి పాకే వెలుగులు. వెనక నుంచి చూస్తే వెదుళ్ళు, మోకులు, కట్టలు కట్టలుగా దిగే తీగలు, వాటన్నిటి కింద ఒక చెక్కపెట్టె, దాని పక్కన చొక్కా చెమటతో తడిసిపోయిన ఒక మనిషి. ముందున్న ఆటంతా ఆ పెట్టె ఆడిస్తోందని తెలిశాక నాకిక ముందువైపు నిలబడబుద్ధి కాలేదు.

ఈ తిరునాళ్ళు జరిగే మహాశివరాత్రి నాటికి మా వైపు పత్తి తీతలు ఆఖరుకొస్తాయి. మిరపకాయ కల్లాల్లో ఎండుతూ ఉంటుంది. పంట ఇంకా డబ్బు కాలేదు, కోత కూలీ మాత్రం రోజూ ఇవ్వాలి. అలాంటి రోజుల్లో కూడా కావూరు, మద్దిరాల, అమీన్‌సాహెబ్‌పాలెం, చిలకలూరిపేట పక్కనున్న పురుషోత్తమపట్నం లాంటి ఊళ్ళు చందాలు వేసుకుని వారాల తరబడి ప్రభలు కడతాయి. పెద్ద ప్రభ రోడ్డెక్కితే కరెంటువాళ్ళు ముందుగా లైను ఆపి, అడ్డం వచ్చే తీగల్ని విప్పి, అది దాటాక మళ్ళీ కలుపుతారు. ప్రభకు కావలసిన కరెంటు వెంట వచ్చే జనరేటరు ఇస్తుంది. ఈ ఏర్పాట్లన్నీ భక్తి కోసమే అనడం నిజమే గానీ సగం నిజం. పక్క ఊరి ప్రభ మీద లేని ఆట మన ప్రభ మీద ఆడాలన్న పట్టుదల కూడా అందులో ఉంది. ఆ పట్టుదలే ఈ నల్లరేగడి నేలలో ఎంతోమందికి కరెంటు చదువు చెప్పింది.

నేను మొదట చూసిన పెట్టెలో ఒక చెక్క డ్రమ్ము ఉండేది. దాని ఒంటి నిండా రాగిరేకు ముక్కలు కొట్టి ఉండేవి. చిన్న మోటారు ఒకటి డ్రమ్మును నిదానంగా తిప్పుతుంటే, పైన వరసగా బిగించిన ఇత్తడి బద్దలు దాన్ని రాసుకుంటూ ఉండేవి. బద్ద కింద రేకు వస్తే ఆ లైను వెలుగుతుంది, చెక్క వస్తే ఆరుతుంది. రేకుల్ని ఏటవాలుగా కొడితే ఒక లైను ఆరేలోపు పక్క లైను వెలిగి, వెలుగు పరుగెత్తినట్టు కనిపిస్తుంది. ఏ బల్బూ ఉన్నచోటు నుంచి కదలదు. లైనులో ఆరు వోల్టుల చిన్న బల్బులు, ఒకదాని తోక ఇంకొకదానికి కలిపి. ముప్ఫై ఎనిమిది కలిపితే 230 వోల్టులకు సరిపోతాయి. ఒక్కటి మాడితే లైనంతా ఆరిపోతుంది. అప్పుడు ఆ మనిషి టెస్టరు నోట కరుచుకుని వెదుళ్ళెక్కి, మాడినదేదో వెతికి పట్టుకునేవాడు.

"ఆట మార్చాలంటే ఎట్లా బాబాయ్?" అని అడిగాను ఒకసారి.

"జోరు పెంచాలంటే పుల్లీ మారిస్తే చాలు రా అబ్బాయ్. ఆటే మార్చాలంటే మాత్రం రేకులు పీకి మళ్ళీ కొట్టాల్సిందే. ఆటంతా రేకుల్లో ఉంటది, మోటార్లో ఉండదు" అన్నాడాయన.

తర్వాత కంప్యూటరు పాఠంలో యంత్రం వేరు, దానికి చెప్పే క్రమం వేరు అని పంతులుగారు బోర్డు మీద బొమ్మ వేస్తుంటే నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. వెలుగుకైనా, నీళ్ళకైనా, అక్షరానికైనా ఒక క్రమం ఎక్కడో రాసి ఉంటుంది. అది ఎక్కడ రాసి ఉందో కనుక్కోవాలన్న యావే యంత్రాల లోపలికి తొంగిచూసే ఈ అభిరుచికి మూలమని నా నమ్మకం. సోల్డరింగు, సర్క్యూట్లు, భాషలు అన్నీ ఆ తర్వాత.

డ్రమ్ము ఎన్నో ఏళ్ళు ఉండలేదు. 555 అనే చిన్న చిప్పు వచ్చింది. హాన్స్ కామెన్‌జిండ్ దాన్ని సిగ్నెటిక్స్ కంపెనీ కోసం గీస్తే 1972లో మార్కెట్లోకి వచ్చింది. ఒక కండెన్సరు, రెండు రెసిస్టర్లు తగిలిస్తే అదే టిక్కుటిక్కుమని కొడుతుంది. ఆ టిక్కుల్ని 4017 అనే ఇంకో చిప్పుకు ఇస్తే అది పది కాళ్ళను ఒకదాని తర్వాత ఒకటి లేపుతుంది. ఒక్కో కాలికి ఒక ట్రయాక్, అంటే లైనును వెలిగించి ఆర్పే స్విచ్చు. మోటారు లేదు, రేకుల్లేవు, నిప్పురవ్వల్లేవు. కానీ ఆట ఒక్కటే, ఒకటి నుంచి పది దాకా పరుగు. చూసేవాళ్ళకు రెండో ఏడే మొహం మొత్తింది.

అప్పుడు వచ్చింది ఈప్రామ్ అనే మెమరీ చిప్పు. దీని గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మా వైపు చాలామంది చేత మొదటి ప్రోగ్రాము రాయించింది ఇదే. చిప్పు నడుం మీద గుండ్రటి గాజు కిటికీ, లోపల సన్నటి సిలికాను పలుకు. 2764 అనే రకంలో 8,192 గడులుంటాయి, గడికి ఎనిమిది బిట్లు. ఒక్కో బిట్టు ఒక్కో లైను అనుకుంటే ఒక గడి అంటే ఆ క్షణంలో ఏ లైన్లు వెలగాలి, ఏవి ఆరాలి అన్న లెక్క. ఇక కాగితం మీద గడులు గీసుకుని వెలగాల్సిన చోట ఒకటి, ఆరాల్సిన చోట సున్న వేసుకుంటూ పోవడమే. పదో తరగతి దాటని లైటింగువాళ్ళు ఇలా నోటుపుస్తకాల నిండా సున్నలూ ఒకట్లూ రాసుకోవడం నేను కళ్ళారా చూశాను. శివుడి జటలోంచి గంగ దూకాలంటే ఎన్ని గడులు, ఎంత తేడాతో వెలగాలో వాళ్ళకు వేళ్ళ మీద ఉండేది. రాసింది చెరపాలంటే కిటికీ మీద అతినీలలోహిత కాంతి పడాలి. నేరుగా ఎండలో వదిలేసినా ఒక వారంలో చెరిగిపోవచ్చు. అందుకే కిటికీ మీద స్టిక్కరు అంటించేవాళ్ళు. మా ఎండల సంగతి తెలిసినవాళ్ళు స్టిక్కరు మీద ఇంకో స్టిక్కరు అంటించేవాళ్ళు.

ఇప్పుడు నడుస్తున్నది పిక్సెల్ కాలం. ప్రతి ఎల్ఈడీ పక్కనా గోరంత చిప్పు, మొత్తానికి ఒకే డేటా తీగ. బంతిలో మొదటివాడు తనకు కావలసిన విస్తరి తీసుకుని మిగతా కట్టను పక్కవాడికి అందించినట్టు, మొదటి చిప్పు తన 24 బిట్లు ఉంచుకుని మిగతాది ముందుకు తోస్తుంది. సెకనుకు ఎనిమిది లక్షల బిట్ల వేగంతో పోతే వెయ్యి దీపాల వరస మొత్తానికి కబురందడానికి 30 మిల్లీసెకన్లు చాలు. అంటే సెకనుకు ముప్ఫైకి పైగా బొమ్మలు, దాదాపు సినిమా. ఆట ఇప్పుడు మెమరీ కార్డులో ఉంటుంది. నోటుపుస్తకంలో గడులు నింపినవాడి కొడుకు లాప్‌టాప్‌లో అవే గడులు నింపుతున్నాడు.

గడుల్లో బొమ్మను రాయడం మాత్రం ఈ నేలకు కొత్త కాదు. చీరాల, వేటపాలెం వైపు జకార్డు మగ్గాల మీద కుప్పడం చీరల అంచులు నేసే ఇళ్ళకు వెళ్ళి చూడండి. మగ్గం నెత్తిన అట్టముక్కల దండ వేలాడుతుంటుంది, ప్రతి అట్టకూ చిల్లులు. చిల్లున్న చోట పోగు లేస్తుంది, లేని చోట ఆగుతుంది. జోసెఫ్ మారీ జకార్డ్ ఈ పద్ధతిని ఫ్రాన్సులో లియోన్ పట్టుమగ్గాల మీద 1804 ప్రాంతంలో కుదిర్చాడు. చార్లెస్ బాబేజ్ తన అనలిటికల్ ఇంజన్‌కు ఈ అట్టలతోనే లెక్కలు చెప్పాలనుకున్నాడు. 1890లో అమెరికా జనాభా లెక్కల్ని హెర్మన్ హొలెరిత్ చిల్లుల కార్డుల మీదే తేల్చాడు. ఆయన కంపెనీ మరికొన్నింటితో కలిసి తర్వాత ఐబీఎం అయింది. పుస్తకాల్లో ఈ కథ చదివినప్పుడల్లా చీరాల గుర్తొచ్చి నాకు ఎంతో దగ్గరగా అనిపిస్తుంది. ప్రోగ్రాము అనేది అద్దాల మేడల్లో పుట్టిన సరుకని మన పిల్లలకు ఎవరు చెప్పారో గానీ అది తప్పు. వాళ్ళ ఊరికి బస్సులో గంట దూరంలో అది వేలాడుతూ ఉంది.

గుంటూరు, ఒంగోలు, నరసరావుపేట కాలేజీల నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వెళ్ళినవాళ్ళు ఇంటికొకరు ఉన్నారు. మంచిదే, అప్పుల్లో ఉన్న ఎన్నో ఇళ్ళు నిలబడ్డాయి. కానీ కోర్సు పూర్తిచేసి ఉద్యోగంలో చేరడం వేరు, లోపల ఏముందో చూడకుండా ఉండలేకపోవడం వేరు. రెండోది జీతం తీసుకోకుండా చేసిన పనుల్లో బయటపడుతుంది. కంప్యూటరు మీద తెలుగు అలా వచ్చిందే. 1990ల మొదట్లో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఇంగ్లీషు మీటల మీద తెలుగు రాసుకునే ఒక కట్టుబాటు తయారుచేశారు. ఆ విశ్వవిద్యాలయం పేరే దానికీ పడింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టిన వెన్న నాగార్జున ఇంకో పని కూడా చేశారు. అప్పట్లో ఒక్కో పత్రిక వెబ్‌లో ఒక్కో సొంత ఫాంటు వాడేది. ఒకదానిలో "క" ఉన్న గడిలో ఇంకొకదానిలో ఇంకేదో ఉండేది. ఏ ఫాంటులో ఏ గడిలో ఏముందో పట్టికలు కట్టి, అన్నింటినీ యూనికోడ్‌లోకి మార్చే "పద్మ" అనే పరికరాన్ని ఆయన రాశారు. అంతా ఖాళీ వేళల్లో చేసిన పని. వీవెన్ చేసిన "లేఖిని" పెట్టెలో మొదటిసారి తెలుగు టైపు చేసిన వాళ్ళం మనలో ఎంతమందిమో లెక్కలేదు.

తెలుగు అక్షరం లోపల ఏముందో చూడండి. మనం "స్త్రీ" అని ఒక్క అక్షరంగా రాస్తాం. యంత్రానికి అది ఆరు అంకెల వరస: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఆ ఆరింటినీ పేర్చి ఒక్క బొమ్మగా గీయడం ఇంకో ప్రోగ్రాము పని. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు ఒక తెలుగు అక్షరం దెబ్బకు కుప్పకూలాయి. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కంటికి కనపడని ఒక విడదీత గుర్తు, చివర దీర్ఘం. ఈ అయిదూ ఆ వరసలో వస్తే గీసే ప్రోగ్రాము తడబడి, సందేశాల యాప్ మూతపడేది. కొద్ది రోజుల్లో ఐఓఎస్ 11.2.6 నవీకరణతో సరిచేశారు. ప్రపంచమంతా అది వార్త అయింది. నాకు గుర్తుండిపోయింది ఏమిటంటే, ఏ వరసకు కూలుతోందో ఒక్కొక్క గుర్తూ మార్చి మార్చి చూసి, బెంగాలీ, దేవనాగరి లిపుల్లో కూడా అలాంటివి ఉన్నాయని తేల్చింది కంపెనీ బయటివాళ్ళే. ప్రభ వెనక టెస్టరు పట్టుకుని మాడిన బల్బు వెతికే మనిషి చేసే పనే అది.

వెతకాలంటే మూత తెరుచుకోవాలి. పాత వాల్వు రేడియోల వెనక అట్ట తీస్తే లోపల సర్క్యూటు బొమ్మ అంటించి ఉండేది, ఏ వాల్వు ఎక్కడో, ఏ రెసిస్టరు ఎంతో. కొన్నవాడికి అది తెలుసుకునే హక్కు ఉందని కంపెనీ ఒప్పుకున్నట్టే కదా. బాటరీ కూడా అక్కర్లేని రేడియో ఒకటుంది. అట్టగొట్టం మీద ఎనభై దాకా చుట్లు, ఒక గ్యాంగ్ కండెన్సరు, ఓఏ79 అనే జెర్మేనియం డయోడు, చెవికి పెట్టుకునే ఇయర్‌ఫోను. చుట్టడానికి రాగితీగకు మాకు కొదవ లేదు, కాలిన మోటార్లు విప్పే వైండింగు షాపు ప్రతి ఊరి సెంటర్లోనూ ఉంటుంది. ఒక కొస వేపచెట్టు మీదికి, ఇంకో కొస బోరు గొట్టానికి. 837 కిలోహెర్ట్జ్ దగ్గర, కరెంటు పోయిన రాత్రి కూడా, విజయవాడ కేంద్రం సన్నగా మాట్లాడుతుంది. ఆ మాటకు కావలసిన శక్తంతా గాలిలోంచే వస్తోందని తెలిసిన పిల్లవాడికి ఆ వయసులో అంతకన్నా పెద్ద సంగతి ఏముంటుంది?

ఇప్పటి ఫోన్లలో మూత జిగురుతో అతికి ఉంటుంది, లోపల బొమ్మ ఉండదు. అయినా మా వాళ్ళు ఊరుకోలేదు, పొలం మోటార్ల పెట్టెల మూతలు తెరిచారు. పొలం మోటారుకు త్రీఫేజు కరెంటు విద్యుత్తు సంస్థ ఇచ్చిన గంటల్లోనే వస్తుంది. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చాక కూడా ఆ గంటలు ఒక్కోసారి నడిరాత్రే ఉండేవి. చీకట్లో గట్టు మీద పామును తొక్కి పోయినవాళ్ళున్నారు. అందుకే ఆటో స్టార్టర్లు పెట్టారు, కరెంటు రాగానే మోటారు దానంతటదే లేస్తుంది. ఊరి మోటార్లన్నీ ఒకేసారి లేస్తే ఏమవుతుంది? నేరుగా స్టార్టయ్యే మోటారు మొదటి క్షణంలో మామూలుకు ఆరేడు రెట్ల కరెంటు లాగుతుంది, ట్రాన్స్‌ఫార్మరు కాలుతుంది. కండెన్సర్లు పెట్టి రెండు ఫేజుల మీదే మోటారు తిప్పడం ఇంకా ముదిరిన ఉపాయం, అది అటు లైనుకూ ఇటు మోటారుకూ చెరుపే. వీటిని దొంగతెలివి అని కొట్టిపారేయడం నాకు ఇష్టం ఉండదు. కాయిలు ఎందుకు వేడెక్కుతుందో కూడా తెలిస్తే అదే తెలివి ఎంత దూరమైనా పోతుంది.

పోయింది కూడా. పాత మీటల ఫోను ఒకటి స్టార్టరు పెట్టెలో పెట్టి, దాని ఇయర్‌ఫోను తీగను 8870 అనే చిప్పుకు కలిపారు. ఇంటి నుంచి ఆ ఫోనుకు చేసి 5 నొక్కితే 770, 1336 హెర్ట్జ్ స్వరాలు రెండూ కలిసి వెళ్తాయి. చిప్పు వాటిని విడదీసి నాలుగు బిట్లుగా చెబుతుంది. ఒక ట్రాన్సిస్టరు, ఒక రిలే, పచ్చ బటను నొక్కినట్టే. ఇంకో అంకెకు ఎర్ర బటను. ఇప్పుడు దుకాణాల్లో తయారుగా దొరుకుతున్నాయి గానీ, సొంతంగా కట్టుకున్న పెట్టె తెరిచి చూపించేటప్పుడు ఆ రైతు గొంతులో ఉండే ధీమా కొనుక్కున్నవాడి దగ్గర నేను వినలేదు.

నాకు అన్నిటికన్నా పట్టింపు ఉన్న పెట్టె ఇంకొకటి ఉంది, పత్తి తేమ మీటరు. భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనుగోలు కేంద్రంలో తేమ 8 శాతంలోపు ఉంటే పూర్తి మద్దతు ధర, 12 దాకా తగ్గించి ఇస్తారు, దాటితే కొనరు. ఏడాది కష్టం ఆ అంకె మీద ఆగుతుంది. మీటరు నిజానికి తేమను కొలవదు. రెండు సూదుల మధ్య పత్తి ఎంత నిరోధం చూపుతోందో కొలుస్తుంది. పొడి పత్తి కరెంటును దాదాపు పోనివ్వదు, తేమ 8 నుంచి 12కు పెరిగితే నిరోధం పదుల రెట్లు పడిపోతుంది. ఇంత నిరోధం అంటే ఇంత శాతం అని లోపల ఒక పట్టిక రాసి ఉంటుంది, దాని ప్రకారం అంకె చూపిస్తుంది. పత్తిని గట్టిగా నొక్కితే ఒక అంకె, వదులుగా ఉంటే ఒక అంకె. మంచు పడ్డ పొద్దుటి పైపొర ఒకటి చెబుతుంది, బోరెం నడుమ పత్తి ఇంకొకటి చెబుతుంది. ఎండ వేడిమి కూడా తేడా తెస్తుంది. ఇవి తెలిసిన రైతు మీటరు మోసం అని కేకలు వేయడు, సూదులు ఇంకో మూడు చోట్ల గుచ్చమని అడుగుతాడు.

పర్చూరు వైపు డిగ్రీ చదివే ఒక అమ్మాయి ఇప్పుడు సొంత మీటరు కట్టుకుంటోంది, వాళ్ళ నాన్న పత్తి కోసం. ఆర్డుయినో బోర్డు ఒక్కటే అంత పెద్ద నిరోధాన్ని చూడలేదు కాబట్టి ముందు సీఏ3140 ఆంప్లిఫయరు పెట్టింది. పట్టికను తనే నింపుతోంది. పత్తిని తూచి, కాలేజీ ల్యాబు ఓవెనులో 105 డిగ్రీల దగ్గర బరువు తగ్గడం ఆగేదాకా ఎండబెట్టి, మళ్ళీ తూస్తోంది. వంద గ్రాములు 92కు దిగితే 8 శాతం. "మాస్టారూ, పోయిన ఎనిమిదిని పొడి బరువుతో భాగిస్తే 8.7 వస్తోంది, ఏది వెయ్యాలి?" అని అడిగింది. వ్యాపారం తడి బరువు మీద లెక్కేస్తుంది, నూలు మిల్లు పొడి బరువు మీద లెక్కేస్తుంది, నీకు కావలసింది మొదటిది అని చెప్పాను. 10 శాతం పైన అంకెలు ఇంకా నిలకడగా రావడం లేదట. పత్తి మీద ఎప్పుడూ ఒకే బరువు పెట్టి నొక్కి, అప్పుడు సూదులు గుచ్చి చూడమన్నాను. వచ్చే తీతకు మళ్ళీ కొలుస్తానంది.